ఢిల్లీ మ్యూజియం ఇంకా పెద్దదైతే కర్నూలుకు ఏమొస్తుంది?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఢిల్లీలో నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనాలను జాతీయ మ్యూజియంగా మారుస్తామని 2023లో ప్రకటించారు. 'యుగే యుగీన్ భారత్' అని పేరు పెట్టారు. 2024 డిసెంబర్‌లో ఫ్రాన్స్ సంస్థతో ఒప్పందం కూడా అయింది. మా ఆఫీసులో దీనిమీద వాదన నడిచింది. గర్వంగా ఉందని కొందరు, మనకేంటి సంబంధం అని కొందరు.

నేను రెండో గుంపు. ఉన్న నేషనల్ మ్యూజియంలోనే రెండు లక్షలకు పైగా వస్తువులు ఉన్నాయి. అందులో జనం కంటికి కనిపించేది కొంతే, మిగతాదంతా స్టోర్‌లోనే. కర్నూలు నుంచి ఢిల్లీ పోయేవాళ్లు ఎర్రకోట, కుతుబ్‌మినార్ చూసి, షాపింగ్ చేసుకొని రైలెక్కుతారు. జన్‌పథ్‌లో మ్యూజియం ఉందని కూడా చాలామందికి తెలియదు. ఇంకో పెద్ద మ్యూజియం వస్తే మనకు ఒరిగేదేంటి? మొహమాటం లేకుండా చెప్పండి.

రేనాటి అయ్యవారు (జమ్మలమడుగు)

ఆ మ్యూజియం ఎట్లా పుట్టిందో తెలిస్తే నీ ప్రశ్నకు ఇంకా పదును వస్తుంది నాయనా.

1946లో మారిస్ గ్వయర్ కమిటీ ఢిల్లీలో జాతీయ మ్యూజియం ఉండాలని పథకం రాసిచ్చింది. అది కాగితం మీదే ఉండగా, 1947-48 చలికాలంలో లండన్ రాయల్ అకాడమీలో భారతీయ కళా ప్రదర్శన పెట్టారు. మన దేశంలోని మ్యూజియాల నుంచి ఏరికోరి వస్తువులు పంపారు. తిరిగొచ్చాక, ఎక్కడివక్కడికి పంపేముందు మనవాళ్లకూ చూపిద్దామని ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లోనే ప్రదర్శించారు. దానికొచ్చిన ఆదరణ చూసి, ఆ సేకరణనే పునాది చేసుకొని 1949 ఆగస్టు 15న రాజాజీ చేతుల మీదుగా నేషనల్ మ్యూజియం మొదలైంది. సొంత ఇల్లు లేకుండానే సంసారం పెట్టారన్నమాట. 1955 మే 12న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1960 డిసెంబర్ 18న అప్పటి ఉపరాష్ట్రపతి రాధాకృష్ణన్ కొత్త భవనాన్ని ప్రారంభించారు. రెండో దశ 1989లో పూర్తయింది.

నేను చెప్పొచ్చేది ఇది. అడిగి తెచ్చుకున్న వస్తువులతో మొదలైన సంస్థ అది. అడిగినవాళ్లకు ఇచ్చే అలవాటు కూడా దానికి అంతే ఉండాలి. భవనం ఎంత పెద్దదని కాదు, అక్కడి నుంచి ఎన్ని వస్తువులు ఏయే ఊళ్లకు పోయి జనానికి కనపడ్డాయని అడగాలి.

గుత్తి కోట (అనంతపురం)

తెచ్చుకున్నోళ్లు తిరిగిచ్చిన కథలు మా సీమలో తక్కువ అయ్యవారూ. మా గోడు మద్రాసుతోనే మొదలైంది, ఢిల్లీ దాకా యాడికి పోతాం.

రేనాటి అయ్యవారు (జమ్మలమడుగు)

నిజమే. మా పక్కనే పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుకలో కూరుకుపోయిన జైన ఆలయాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. అక్కడి శిల్పాలు, శాసనాల్లో మంచివి మద్రాసులోని ఎగ్మూరు మ్యూజియంకు పోయినాయి. అప్పట్లో మనది మద్రాసు రాష్ట్రం, ఆ మ్యూజియం 1851 నుంచే ఉంది కాబట్టి పంపినారు. కడపలో మ్యూజియం వచ్చింది 1982లో. దానికి భగవాన్ మహావీరుడి పేరే పెట్టారు. అందులో మన జిల్లా శిల్పాలు బాగానే ఉన్నాయి. కానీ జైన తీర్థంకరుడి పేరున్న మ్యూజియం కడపలో, ఆ జిల్లా జైన శిల్పాల్లో మేలైనవి చెన్నైలో. తలచుకుంటే నవ్వొస్తుంది, బాధా కలుగుతుంది.

బిలసర్గం (బేతంచెర్ల)

నా పేరు చూస్తేనే తెలుస్తుంది నేను దేని గురించి రాస్తానో. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1884-85 ప్రాంతంలో మా బిలసర్గం గుహల్లో కొడుకు హెన్రీతో కలిసి తవ్వకాలు చేయించాడు. కుప్పలుగా జంతువుల ఎముకల శిలాజాలు దొరికినాయి. 1886లో లిడెక్కర్ అనే పండితుడు వాటిని వర్ణిస్తూ 'కర్నూలు గుహల జంతుజాలం' మీద రాశాడు. ప్రపంచమంతా శాస్త్రవేత్తలకు కర్నూలు అంటే ఆ గుహలే. ఫుట్ జీవితమంతా పోగుచేసిన రాతి పనిముట్లు, మన సీమవి కూడా కలిపి, 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది.

గుహల దగ్గరికి ఇప్పుడు పోతే ఈ కథ చెప్పేవాళ్లుండరు. పక్కనే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. సుమత్రా దీవిలో 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరగా పరుచుకుంది. ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికినాయని రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించింది. అంత పెద్ద విస్ఫోటం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి ఉన్నారా అనే చర్చకు మా లోయే సాక్ష్యం. ఊళ్లో మాత్రం ఆ బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకుపోయినారు.

హంద్రీ ఒడ్డు అన్నా, జాతీయ మ్యూజియం పెద్దదైతే ఈ బూడిద పొర ముక్క ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'జ్వాలాపురం' అని రాస్తారా? రాస్తే నేను మీ మొదటి గుంపులో చేరతా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఈ బూడిద సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. నాపరాయి లారీలు తప్ప బేతంచెర్ల అంటే ఇంకేం తెలియదు మాకు.

తాటాకు కట్ట (అనంతపురం)

నేను కన్జర్వేషన్ పని, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని చేస్తాను, ఎక్కడ అనేది వదిలేయండి. అందరూ 'మన వస్తువు మన ఊళ్లోనే ఉండాలి' అంటున్నారు. వినడానికి బాగుంటుంది. కొంచెం లోపలి సంగతి చెప్తాను.

కంచు విగ్రహానికి ఉప్పు తేమ తగిలితే పచ్చటి పొడి లేస్తుంది. దాన్ని ఆపకపోతే లోపలి నుంచే తినేస్తుంది. బట్ట మీద, కాగితం మీద 50 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) కంటే ఎక్కువ వెలుతురు పడకూడదు. అంటే గది కాస్త మసకగానే ఉండాలి. జనం 'లైట్లు లేవు, ఏం మ్యూజియం ఇది' అని తిట్టుకుంటూ పోతారు. తాటాకులు ఎండి విరగకుండా నిమ్మగడ్డి నూనె రాస్తాం. పురుగు పట్టిందా అని చూస్తూనే ఉండాలి. ఇవన్నీ చేయడానికి చదువుకున్న మనుషులు కావాలి, ల్యాబ్ కావాలి, ముఖ్యంగా 24 గంటలు కరెంటు కావాలి.

ఒక జిల్లా మ్యూజియంలో నేను చూసిన దృశ్యం: వానకు పైకప్పు కారుతుంటే విగ్రహాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఆ పట్టా కిందే తేమ నిలిచి రాతి మీద నాచు పట్టింది. కాపలా మనిషికి విగ్రహం మీద ప్రేమ ఉంది, అందుకే కప్పాడు. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు.

అందుకే నా లెక్కలో జాతీయ సంస్థ మొదటి పని గ్యాలరీలు కాదు, మనుషుల్ని తయారుచేయడం. ఢిల్లీ నేషనల్ మ్యూజియం ఆధ్వర్యంలో 1989లో మొదలైన ఇన్‌స్టిట్యూట్‌లో కళాచరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీ (మ్యూజియం నడిపే విద్య) చెప్తారు. అక్కడ చదివినవాళ్లకు జిల్లాల్లో పోస్టులు ఉంటే ఆ ప్లాస్టిక్ పట్టా అవసరం వచ్చేది కాదు.

గుత్తి కోట (అనంతపురం)

అక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ 'మీకు చేతకాదు, మాకిచ్చేయండి' అనే మాట లండన్‌వాళ్లు కూడా అన్నారు. అమరావతి శిల్పాలు 1859లో లండన్ చేరినాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో పెద్ద గదే ఉంది వాటికి. అదే బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు రెండు వేల వస్తువులు పోయాయో, దొంగిలించబడ్డాయో, పాడైపోయాయో అని 2023లో గోల అయింది. బ్రెజిల్ జాతీయ మ్యూజియం 1818లో పెట్టింది, 2018 సెప్టెంబర్ 2 రాత్రి కాలిపోయింది. మన ఢిల్లీలోనే ప్రకృతి చరిత్ర జాతీయ మ్యూజియం 2016 ఏప్రిల్‌లో తగలబడింది. పెద్దచోట ఉంటే పదిలం అనేది గ్యారంటీ కాదు. అన్నీ ఒకేచోట పెడితే పోయేటప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి.

తాటాకు కట్ట (అనంతపురం)

గ్యారంటీ ఎక్కడా లేదు తమ్ముడూ. నేను ఒకేచోట పెట్టమనడం లేదు. ఊళ్లో పెట్టాలంటే పెట్టే స్థాయికి ఊరిని తేవాలి, దానికి ఢిల్లీ డబ్బు, ఢిల్లీ నైపుణ్యం కావాలి అంటున్నా. బ్రిటిష్ మ్యూజియం గొడవలో అసలు నీతి ఇంకొకటుంది. చాలా వస్తువులకు సరైన జాబితాయే లేదు. రిజిస్టర్‌లో లేని వస్తువు పోతే పోయిందని చెప్పడానికి కూడా ఆధారం ఉండదు.

లా పాయింటు (కర్నూలు)

జాబితా మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి.

1. భూమిలో దొరికిన పాత నిధికి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాలి. చెప్పినవాడికి వాటా ఉంటుంది, ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తారు. దాచినవాడికి వాటా పోతుంది, కేసు మిగులుతుంది. గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వేవాళ్లు ఇది చదివి పెట్టుకోవాలి.

2. 1972 పురావస్తువుల చట్టం. వందేళ్లు దాటిన విగ్రహం, రాతప్రతి అయితే 75 ఏళ్లు దాటింది, ప్రైవేటుగా విదేశాలకు పంపకూడదు.

చందవరం బౌద్ధ ఫలకం కథ దీనికి ఉదాహరణ. ప్రకాశం జిల్లాలోది. ఎట్లా పోయిందో పోయింది, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలర్ దగ్గర కొన్నది. అది చందవరంలో ఉన్నప్పటి పాత ఫోటో బయటపడటంతో 2016లో వెనక్కి ఇచ్చారు. విగ్రహం తిరిగి రావడానికి ఫోటోయే సాక్షి.

ఇంకో చిన్న విషయం. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పేరు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోనే ఉంది, కేంద్ర జాబితా 62వ అంశంలో. 1814లో ఏషియాటిక్ సొసైటీ గదుల్లో పెట్టిన సేకరణ, 1878లో ఇప్పటి భవనంలో జనానికి తెరిచింది, ఆ తర్వాత రాజ్యాంగంలోకి ఎక్కింది. ఢిల్లీది దానిముందు చిన్నపిల్ల.

మధుర (కడప)

నేను ఇక్కడ ఎక్కువగా చదివేదాన్నే, రాసేదాన్ని కాదు. ఒకటి చెప్పాలనిపించింది.

మా బాబుకు చూపు లేదు. గుడికి పోయినా, కోటకు పోయినా వాడికి నేనే వర్ణించి చెప్పాలి. మ్యూజియం అంటే మరీ కష్టం. ఎక్కడ చూసినా 'ముట్టుకోరాదు' బోర్డులే. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 'అనుభవ్' అని ఒక గ్యాలరీ ఉంది, 2015లో పెట్టారు. అసలు శిల్పాల నకళ్లు చేసి, బ్రెయిలీ రాతలు పెట్టి, చేత్తో తడిమి చూడనిస్తారు. మావాడు ఒక విగ్రహం చెవి కమ్మలు తడిమి 'అమ్మా, ఇవి నీ బుట్టకమ్మల్లాగా లేవు, గుండ్రంగా పెద్దగా ఉన్నాయి' అన్నాడు. అక్కడి నుంచి కదలనంటే కదలనన్నాడు.

మీరంతా అసలు రాయి ఎక్కడుండాలని వాదిస్తున్నారు. నకలు చేసి కడపకు పంపడానికి ఏం అడ్డం? నకలుకు తేమ పట్టదు, దొంగలు రారు, చెయ్యి వేస్తే చెడదు. మాలాంటి వాళ్లకు అదే చాలు. అది కూడా రాలేదు ఇంతవరకు మా దగ్గరికి.

రేనాటి అయ్యవారు (జమ్మలమడుగు)

అమ్మా, ఈ చర్చలో ఇప్పటిదాకా పనికొచ్చే మాట నీదే.

1960లో కొత్త భవనం తెరిచినప్పుడు దాని మొదటి డైరెక్టర్ గ్రేస్ మోర్లే అనే అమెరికన్. శాన్ ఫ్రాన్సిస్కోలో కళా మ్యూజియం నడిపి వచ్చింది, ఇక్కడ 1966 దాకా ఉంది. వస్తువును గోదాములో పెట్టినట్టు కాకుండా మామూలు మనిషి కంటికి, బుద్ధికి అందేలా పెట్టాలని పట్టుబట్టిన మనిషి. ఆ పట్టుదల అక్కడి గోడలు దాటి జిల్లాలకు రాలేదనేదే నా ఫిర్యాదు.

బిలసర్గం (బేతంచెర్ల)

బయటికి పంపడం చేతకాక కాదు అయ్యవారూ. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. మన దేశం నుంచి చాలా శిల్పాలు పోయినాయి, ఆంధ్రావి, తెలంగాణ ఫణిగిరివి కూడా. అక్కడి నుంచి కొరియాకు పోయినాయి. ఇన్సూరెన్స్, ప్యాకింగ్, వెంట మనిషి, అన్నీ కుదిరినాయి. సముద్రాలు దాటినవి తుంగభద్ర దాటలేవా? ముంబై ఛత్రపతి శివాజీ మ్యూజియం 2015 నుంచి ఒక బస్సునే మ్యూజియంగా చేసి పల్లెలకు తిప్పుతోంది. అది జాతీయ సంస్థ కూడా కాదు, ట్రస్టు నడిపేది.

కొత్త సభ్యుడు 19 (ఆదోని)

సాలార్‌జంగ్ సంగతి ఏంటి సార్? అది కూడా నేషనల్ అంటారు కదా. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకు పోయిందా? మేము టికెట్ ఎక్కువ కట్టాలా?

లా పాయింటు (కర్నూలు)

ఎవరికీ పోలేదు తమ్ముడూ. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పోయాడు, వారసులుగా సంతానం లేరు. ఆయన సేకరణను 1951 డిసెంబర్ 16న వాళ్ల మహలు దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద, బోర్డు చేతుల్లో నడుస్తుంది. నువ్వూ భారతీయుడివే కాబట్టి టికెట్ ఒకటే. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం వేరు, అది రాష్ట్రానిది.

శుక్రవారం మాత్రం పోవద్దు, సాలార్‌జంగ్‌కు సెలవు. ఢిల్లీ నేషనల్ మ్యూజియంకు సోమవారం.

గుత్తి కోట (అనంతపురం)

సాలార్‌జంగ్‌ను చూసే నాకు జాతీయ మ్యూజియం అంటే నమ్మకం కలిగింది, దాచుకోవడమెందుకు. అక్కడ చదువుకున్నోడు, చదువుకోనోడు అనే తేడా లేదు. గంటలు కొట్టే గడియారం దగ్గర పల్లె నుంచి వచ్చిన అవ్వ, కాలేజీ పిల్లలు ఒకే బెంచీ మీద ఎదురుచూస్తారు. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మను చూసి 'రాయిని బట్టలాగా ఎట్లా చెక్కినాడో' అని నోరు తెరుస్తారు. దాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడని, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడని వాళ్లకు తెలియకపోయినా ఫర్వాలేదు.

ఢిల్లీది చూసినప్పుడు ఈ చనువు కనపడలేదు. మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ పది సెంటీమీటర్లు దాటి కొంచెం ఉంటుంది, అంతే. పుస్తకాల్లో చూసి నిలువెత్తు ఉంటుందనుకున్నోళ్లు వెతుక్కుంటున్నారు. ఆ చిన్న బొమ్మ దేశ విభజనలో ఇటు ఎట్లా వచ్చిందో, అక్కడే దొరికిన ఒకే హారాన్ని పూసలు లెక్కపెట్టి రెండు దేశాలకు ఎట్లా విడదీశారో ఒక మనిషి నిలబడి చెబితే జనం కదలరు. చెప్పేవాళ్లు కావాలి. గోడకు రాసి వదిలేస్తే చాలదు.

మాడరేటర్

పార్టీల ప్రస్తావన ఉన్న రెండు పోస్టులు తీసేశాం. మ్యూజియం దాటి పోవద్దు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

నేను మొదట రాసింది పూర్తిగా వదులుకోను. కర్నూలు జనానికి ఢిల్లీ భవనం వల్ల నేరుగా ఒరిగేది తక్కువే. కానీ మధుర గారి నకళ్లు, బిలసర్గం తమ్ముడి బస్సు, తాటాకు అక్క పోస్టులు, ఈ మూడూ అడగదగినవి. మన జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. పెద్ద శిలాశాసనాలు, చిన్నవి రెండు రకాలూ ఒకేచోట ఉండటం అరుదు. ఆ బండలను ఎవరూ ఢిల్లీకి మోసుకుపోలేరు. అక్కడికే నకలు, బ్రెయిలీ రాత, చెప్పే మనిషి రావాలి. జాతీయ మ్యూజియం ఖర్చుతో రావాలి. సాంస్కృతిక శాఖకు అర్జీ ముసాయిదా రాస్తున్నా. లా పాయింటు సార్ ఒకసారి దిద్దండి.

లా పాయింటు (కర్నూలు)

పంపు. ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు.

కొత్త సభ్యుడు 19 (ఆదోని)

మా ఊరి గుడి ముందర ఒక రాయి ఉంది సార్. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ, కింద నాలుగు వరుసల రాత. మావాళ్లు పండక్కి దానికి సున్నం కొడతారు. ఇది కూడా జాబితాలో ఎక్కుతుందా? ఫోన్‌లో ఫోటో తీస్తే రాత కనిపించడం లేదు.

రేనాటి అయ్యవారు (జమ్మలమడుగు)

చూస్తుంటే వీరగల్లులాగా ఉంది, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తియ్యి, అప్పుడు అక్షరాల లోతు నీడగా తేలుతుంది. మబ్బుగా ఉంటే రాత్రిపూట టార్చ్‌ను పక్క నుంచి పట్టుకోమని ఇంకొకరికి చెప్పు. రాయి పక్కన స్కేలు పెట్టు. మొత్తం రాయి ఒకటి, ఒక్కో వరుస దగ్గరగా ఒక్కోటి తియ్యి. ఊరి పేరు, గుడి పేరు, లొకేషన్ రాసిపెట్టు. ఉన్న సున్నాన్ని నువ్వు గీకొద్దు, చాక్‌పీసు రుద్దొద్దు, ఆసిడ్ అసలే వద్దు. ఈ పండక్కి కొత్తగా కొట్టకుండా మీ పెద్దలతో మాట్లాడి ఆపు. ఫోటోలు ఇక్కడ పెట్టు, లిపి చదవడానికి నేను ఉన్నాను.